ఖాళీగా పంపవద్దు

"కూర్చుని చేసే పనేగా అమ్మాయ్, పక్కన ఈ చేట పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?" అంటూ మా అత్తగారు సూరమ్మ చింతచిగురు చేట తెచ్చి నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసి వెళ్ళిపోయింది. అప్పుడు నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. హైదరాబాదు నుంచి ఐదుగురు, బెంగళూరు నుంచి ఇద్దరు, సామర్లకోటలో మా వంటింటి వసారా నుంచి నేను. కెమెరా ఆపేసి చిగురు దూయడం మొదలుపెట్టాను. ఎండురొయ్యలు తలా తోకా గిల్లి పొద్దున్నే పక్కన పెట్టాను. చెవిలో మా టీం లీడర్ లోకనాథ్ ఏదో చెబుతున్నాడు, వేళ్ళేమో ఈనెలు తీస్తున్నాయి. మధ్యలో "ప్రిస్కిల్లా గారూ, వింటున్నారా?" అన్నాడు. ఆయ్, వింటున్నానండీ అన్నాను. వింటూనే ఉన్నాను కూడా. నేను వినని రోజెక్కడుంది నా బతుకులో.

నేను చేసే పనేంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. కంప్యూటర్‌లో టైపు చేస్తుంది అంటారు ఎవరైనా అడిగితే. మా కంపెనీ ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రోగుల పేర్లు, అడ్రసులు, ఏ మందు పడదు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఎలా వాడాలో రాసిపెట్టడం నా పని. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఒక్కడైనా చదివిన పాపాన పోలేదు. అంతా నేను రాసింది పక్కన పడేసి, ఫోన్ చేసి నన్నే అడుగుతారు. ఇప్పుడు కొత్తగా వచ్చింది ఏమిటంటే, ఆ వివరాలు మార్చే పని మనుషులు కాకుండా ఏఐ ఏజెంట్లు చేస్తాయట. ఒక ఊళ్ళో వీధి పేర్లు మారాయనుకోండి, ఐదొందల మంది అడ్రసులు ఒక్కసారే మార్చెయ్యొచ్చు. బల్క్ అప్‌డేట్ అంటారు ఆ పరికరాన్ని. దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఏ గడిలో ఏం పెట్టాలి, అని ఆ ఏజెంటు చదువుకోవడానికి నేను రాయాలి.

చెప్పొద్దూ, ఆ పని నాకు తెగ నచ్చింది. మనిషైతే సగం చదివి మిగతా సగం తనకి తెలుసనుకుంటాడు. ఇది అక్షరం వదలకుండా చదువుతుంది. చెప్పింది నమ్ముతుంది. చెప్పనిది మాత్రం సొంతంగా ఊహించేసుకుంటుంది, అక్కడే కొంపలంటుకుంటాయి. కాబట్టి 'ఇది తెలిసిందేగా' అని ఏదీ వదలకూడదు. పెళ్ళయిన పన్నెండేళ్ళకి కూడా తువ్వాలు ఎక్కడుందో అడిగే మొగుడితో కాపురం చేస్తున్నదాన్ని, విడమరిచి చెప్పడం నాకు ఒకరు నేర్పాలా? జయపాల్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, మా లూథరన్ చర్చి సంఘానికి సెక్రటరీ. మంచివాడే. తాగడు, కొట్టడు. మా అమ్మ ఆ రెండు ముక్కలే ఎప్పుడూ చెబుతుంది, ఆడదానికి అంతకన్నా ఇంకేం కావాలి అన్నట్టు. మా ఇంట్లో నా మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు లేరు. మా ఆరేళ్ళ దీవెన కూడా "అబ్బ, తెలుసులే అమ్మా" అని పరిగెడుతుంది. చివరిదాకా వినేది ఒకటి దొరికిందంటే, అది మనిషి కాకపోతేనేం అనిపించింది.

బుధవారం ఆ పరికరాన్ని పరీక్ష చేశారు. నిజం ఆసుపత్రి కాదు లెండి, ఉత్తుత్తి పేర్లు నాలుగొందల పన్నెండు పెట్టి, వీళ్ళ అడ్రసులు మార్చు అని ఏజెంటుకి చెప్పారు. చక్కగా మార్చింది. మార్చి, ప్రతి మనిషికీ తనకి తెలియని మిగతా గడులన్నీ ఖాళీగా పంపింది. ఖాళీగా పంపితే మా సాఫ్ట్‌వేర్‌కి 'చెరిపెయ్' అని అర్థం. నాలుగొందల పన్నెండు మందికీ ఏ మందు పడదో ఆ గడి చెరిగిపోయింది, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్లు చెరిగిపోయాయి. లోకనాథ్ గొంతు సవరించుకుని, "ప్రిస్కిల్లా గారూ, డాక్యుమెంటులో ఇది రాయలేదాండీ మీరు?" అన్నాడు. రాశాను. సోమవారమే రాశాను, రెండు వాక్యాలు. 'నిడివి ఎక్కువైంది, ఇంత వివరం వద్దు' అని పక్కన గీత పెట్టి కొట్టేసింది ఆయనే. ఆ గీతా ఆయన పేరూ నా కళ్ళ ముందే స్క్రీను మీద ఉన్నాయి. ఏడుగురి ముందు ఆ మాట అనలేక, మళ్ళీ రాస్తానండీ అన్నాను. అత్తవారింట్లో పన్నెండేళ్ళు సాధన చేసిన నోరు కదా, మాట పడటానికి చప్పున తెరుచుకుంటుంది. మీటింగులోంచి లేచి వెళ్ళి, స్టవ్ మీద పులుసు మాడిపోతుంటే దించాను.

గురువారం సాయంత్రం కంచాలు సర్దుతుంటే జయపాల్ టిఫిను డబ్బా కింద సంఘం ఫారం ఒకటి కనబడింది. మా సంఘం పుస్తకాలు, అంటే బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళిళ్ళది, సమాధులది, అన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. ప్రతి కుటుంబం ఒక ఫారం నింపి ఆదివారం ఆరాధనలో ఇవ్వాలి. ఆ తర్వాత పాత రిజిస్టర్లు గుడ్డలో చుట్టి పై ఆఫీసుకి పంపించేస్తారు, ఇక వాటిలో కొత్తగా ఏమీ చేర్చరు. సెక్రటరీ కాబట్టి మా ఇంటి ఫారం ముందే నింపేశాడు. కుటుంబ పెద్ద, జయపాల్. భార్య, ప్రిస్కిల్లా, వృత్తి గృహిణి. ఈ ఇంట్లో ఫ్రిజ్జు నుంచి దీవెన ఫీజు దాకా నా జీతమేనండీ, అయినా గృహిణి. సరే, నవ్వుకున్నాను. పక్క గడి చూసి నవ్వు ఆగిపోయింది. సంతానం, ఒకటి. దాని కింద తల్లి సూరమ్మ, సంతానం మూడు. అన్నిటికన్నా కింద 'ప్రభువునందు నిద్రించినవారు' అని పోయినవాళ్ళకి ఒక వరస. అక్కడ మా మావగారి పేరు, చిట్టియ్య. ఆయన ఒక్కరే.

"ఏమండీ, సంతానం ఒకటి అని రాశారేంటి?"

"దీవెన ఒక్కతేగా," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"ఇద్దరండీ."

అప్పుడు తలెత్తాడు. "ఇది బతికున్నవాళ్ళ లెక్క ప్రిస్కిల్లా," అన్నాడు.

"మరి మావయ్యగారు?"

"నాన్న సంఘ సభ్యుడు. బాప్తిస్మం రిజిస్టరులో నంబరుంది. ఆ పాపకి ఏ నంబరుంది? ఆ గడిలో నన్నేం రాయమంటావు, నువ్వే చెప్పు."

ఆ పాప అన్నాడు. దానికి పేరుంది. తొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళు లేరు.

ఏడో నెలలోనే పుట్టేసింది. కాకినాడ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు గాజు పెట్టెలో ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి, మీవాళ్ళందర్నీ పిలిపించుకోమ్మా అంది. ఎవర్ని పిలవను? జయపాల్ స్కూల్లో పరీక్షల డ్యూటీకి వెళ్ళాడు. మా అమ్మ బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది. అత్తయ్య రానే లేదు. పాస్టరు అయ్యగారు సామర్లకోట నుంచి రావాలంటే గంట. ఆ గంట లేదని డాక్టరమ్మ మొహమే చెబుతోంది. చిన్నప్పుడు సంఘంలో సభ్యులుగా చేర్చుకునే ముందు పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులో అయ్యగారు చెప్పిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాస్టరు అందుబాటులో లేకపోతే, విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు, నీళ్ళూ ఆ మాటలూ ఉంటే చాలు, తర్వాత సంఘానికి చెప్పి పుస్తకంలో రాయించాలి అన్నారు. ఆ రోజు నేను వెనక వరసలో పక్కదానితో గుసగుసలాడుతున్నాను. అయినా అది ఎక్కడ పట్టుకుందో, పట్టుకుంది.

అక్కడ నర్సు నాగదుర్గ అని, ఉప్పాడ పిల్ల. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. వాళ్ళ పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయిందని అంతకు రెండ్రోజుల ముందే నాతో చెప్పింది. నీళ్ళు కావాలమ్మా అన్నాను. ఎందుకని అడగలేదు. ఇంజెక్షన్లలో కలిపే శుభ్రమైన నీళ్ళు చిన్న గిన్నెలో పోసి, అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెట్టి తెచ్చింది. "మూడు చుక్కలే మేడం, చల్లబడుద్ది పిల్ల," అంది. పెట్టె పక్క కిటికీ తలుపు తీసి, "పేరేంటండీ?" అంది. మేము పేరు అనుకోలేదు అప్పటికి. ఆ నిమిషంలో మా అమ్మమ్మ పేరు తప్ప నా నోటికి ఏదీ రాలేదు. హెప్సిబా. తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో అని మూడు చుక్కలు వేశాను. పిల్ల మొహం చిట్లించింది. నాలుగున్నరకి పోయింది. ఆ మొహం చిట్లించడం ఒక్కటే నా కూతురు నాతో అన్న మాట.

నాకు ఆపరేషను కుట్లు. కదలలేను. వాళ్ళ నాన్నా తాతా తీసుకెళ్ళి సమాధుల తోటలో గోడ పక్కన పెట్టి వచ్చారు. శిలువ లేదు, పేరు లేదు. బాప్తిస్మం సంగతి చెబితే అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. "ఆడది ఆసుపత్రిలో నీళ్ళు చల్లితే బాప్తిస్మమైపోద్దా? నలుగురూ నవ్వుతారు, నోరు మూసుకో," అంది. పైగా మీ వైపు పేరు పెట్టేశావా అంది. అప్పటి అయ్యగారికి జయపాల్ 'పుట్టి పోయిందండీ' అని రెండు ముక్కల్లో చెప్పేశాడు. నేను ఏడుస్తుంటే అత్తయ్య మంచం పక్కన కూర్చుని, "పేరుంటే వదలదే అమ్మాయ్. పేరు లేకపోతే తొందరగా మర్చిపోతావు, నేను చెప్తన్నాగా," అంది. నీకెలా తెలుసు అని నేనెప్పుడూ అడగలేదు. కోపంతో ఉన్నాను, అడగాలని తోచలేదు.

శుక్రవారం పొద్దున్న ల్యాప్‌టాప్ తెరిచి లోకనాథ్ కొట్టేసిన వాక్యాల చోటికి వెళ్ళాను. మళ్ళీ రాశాను. నీకు తెలియని గడిని ఖాళీగా పంపవద్దు. అసలు పంపనే వద్దు. పంపకపోతే పాతది అలాగే ఉంటుంది, ఖాళీగా పంపితే చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. రాసి, అక్కడే ఉండిపోయాను. ఇన్నాళ్ళూ నేను అలాగే బతికాను కదా అనిపించింది. ఎవరూ రాయలేదు, అయితేనేం, పిల్ల నా దగ్గర అలాగే ఉందిలే అనుకున్నాను. తొమ్మిదేళ్ళు అదే నా ధైర్యం. ఇప్పుడు ఆయన 'ఒకటి' అని రాశాడు. రాయకుండా ఊరుకోవడం వేరు, ఒకటి అని రాయడం వేరు. ఆదివారం ఆ ఒకటి కంప్యూటర్లోకి వెళుతుంది, పాత పుస్తకాలు గుడ్డలోకి వెళతాయి, ఇక నేను కన్నది ఒక్కర్నే. ఏడుపు తన్నుకొచ్చింది. కుక్కరు కూత వేస్తుంటే లేచి స్టవ్ కట్టేసి, అక్కడే నిలబడి ఏడ్చాను.

మధ్యాహ్నం లోకనాథ్ ఫోన్ చేశాడు. "మళ్ళీ పెట్టేశారేంటండీ అవి? ఏజెంటుకి ఇంత చెప్పక్కర్లేదు, తెలిసిపోద్ది."

"ఎవరికీ ఏదీ చెప్పకుండా తెలీదండీ. సోమవారం మీరు కొట్టేశారు, బుధవారం ఏమైందో చూశాం. అవి ఉంటేనే నేను పంపుతాను, లేకపోతే నా పేరు తీసేసి మీరే పంపుకోండి," అన్నాను.

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. తర్వాత "సరేనండీ, ఉంచండి," అన్నాడు. ఇంత తేలికా అనుకున్నాను. పదకొండేళ్ళు పట్టింది నాకు ఆ ఒక్క మాట అనడానికి.

శనివారం టిఫిన్లయ్యాక చీర మార్చుకుని, అయ్యగారింటికి వెళ్ళొస్తానండీ అని జయపాల్‌తో చెప్పాను. ఎందుకో ఆయనకి అర్థమైంది. "ప్రిస్కిల్లా, సెక్రటరీని నేను. ఇన్నేళ్ళకి ఇప్పుడు ఇదంతా తవ్వితే నన్ను ఏమనుకుంటారు? నవ్వులపాలు చెయ్యకు నన్ను," అన్నాడు. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి, మన పిల్లకి పేరుంటుంది అన్నాను. ఆయన ఆ మాటకి కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

డేనియల్ అయ్యగారు మా సంఘానికి వచ్చి రెండేళ్ళే. చిన్నవాడు. వరండాలో బల్ల మీద రిజిస్టర్లు మూడు దొంతరగా ఉన్నాయి, చుట్టడానికి గుడ్డ కూడా సిద్ధంగా ఉంది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. విని, "తొమ్మిదేళ్ళయిందమ్మా. సాక్షి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. నా ఫోన్‌లో 'కాకినాడ సిస్టర్' అని ఒక నంబరు తొమ్మిదేళ్ళుగా ఉంది. ఎన్ని ఫోన్లు మారినా అది మాత్రం తియ్యలేదు, ఒక్కసారీ చెయ్యలేదు. ఆ నంబరు ఇంకా ఆవిడదేనో కాదో కూడా తెలీదు. నొక్కేసి, స్పీకరు పెట్టాను.

"హలో, నాగదుర్గ గారాండీ? నా పేరు ప్రిస్కిల్లా. మీకు గుర్తుండదు లెండి, తొమ్మిదేళ్ళ కిందట కాకినాడలో నెలలు నిండని పాప..."

"హెప్సిబా వాళ్ళమ్మ గారా?" అంది.

దీవెన వాళ్ళమ్మని, జయపాల్ గారి భార్యని, సూరమ్మ గారి కోడల్ని. ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు ఇంతవరకూ. పాస్టరుగారి వరండాలో, ఆయన ముందే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అవతల నాగదుర్గ, "ఏడవకండి మేడం, ఎందుకు మర్చిపోతాను, నీళ్ళు నేనేగా ఇచ్చింది. మూడు చుక్కలే వెయ్యమన్నాను. పాప మొహం చిట్లించింది," అంటోంది. ఇప్పుడు రాజమండ్రిలో చేస్తోందట. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి చెబుతాను అంది.

అయ్యగారు పెన్ను తీసుకున్నాడు. "ఆవిడ మన సంఘస్థురాలు కాదు కదమ్మా," అన్నాడు.

"కాదండీ. అమ్మోరికి మొక్కే పిల్ల. కానీ ఆ రోజు అక్కడున్నది ఆవిడే. మన సంఘం నుంచి ఎవరూ లేరు."

అయ్యగారు దొంతరలోంచి బాప్తిస్మాల పుస్తకం తీశాడు. రిజిస్టరు తెరిచి చివరి పేజీలో రాయడం మొదలుపెట్టాడు. పేరు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, సాక్షి. చివరి గడి 'బాప్తిస్మమిచ్చినవారు'. పైనుంచి కిందిదాకా అన్నీ రెవరెండు గార్ల పేర్లే. అక్కడ 'తల్లి' అని మొదలుపెట్టబోయాడు. పేరు రాయండి అయ్యగారూ అన్నాను. నా వైపు చూసి, ప్రిస్కిల్లా అని రాశాడు. నంబరు ఒక చీటీ మీద వేసి నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి జయపాల్ ఫారం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, అత్తయ్య గడప దగ్గర చింతచిగురు దూస్తోంది. నేను చీటీ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, పెన్ను నా వైపు జరిపాడు. ఒకటి కొట్టేసి రెండు వేశాను. నిద్రించినవారి వరసలో మావగారి పేరు కింద హెప్సిబా అని రాశాను, నంబరు వేశాను. చేతిలో పెన్ను ఉంది కదా అని గృహిణి కూడా కొట్టేశాను.

"నాకెంతమంది అని రాశాడు వాడు?" అంది అత్తయ్య, చేటలోంచి తలెత్తకుండా.

"ముగ్గురండీ. ఈయనా, ఇద్దరు వదినలూ."

వేళ్ళు ఆగాయి. "నలుగురు అని వెయ్యి," అంది.

జయపాల్ "అమ్మా?" అన్నాడు.

"నీకన్నా ముందు. మగపిల్లాడు. ఐదు రోజులున్నాడు. పేరు పెట్టనివ్వలేదు మీ నాయనమ్మ. పేరుంటే వదలదంది." నా వైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు, మావగారు పోయినప్పుడు కూడా. "అబద్ధమే అమ్మాయ్. నలభై మూడేళ్ళయింది. వదల్లేదు."

మూడు కొట్టేసి నాలుగు వేశాను. నిద్రించినవారి వరసలో హెప్సిబా కింద ఇంకో గడి మిగిలి ఉంది. అక్కడ పెన్ను పెట్టి, "పేరు ఏం రాయమంటారు అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ చేట కింద పెట్టేసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయింది.

"కాస్త ఆలోచించుకోనీవే," అంది చివరికి.

"రేపు ఆరాధన దాకా ఇవ్వక్కర్లేదు అత్తయ్యా," అని ఆ గడి అలాగే ఉంచి, చిగురు చేట నా ముందుకి లాక్కున్నాను.